ట్రిప్‌లో 1400 ఫోటోలు తీశా, ఒక్కటీ చూడాలనిపించట్లేదు. కెమెరా అమ్మేయాలా?

మసక_చూపు:

అందరికీ నమస్తే. చాలాకాలంగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఇవాళ కడుపుమంట కొద్దీ రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఏడాది క్రితం ఒక మిర్రర్‌లెస్ కెమెరా కొన్నా. ఏపీఎస్-సీ అనే మధ్యరకం సైజు సెన్సర్ (వెలుతుర్ని ఫోటోగా మార్చే చిప్), 24 మెగాపిక్సెళ్లు, దాంతోపాటు వచ్చిన 18-55 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్, కిట్ లెన్స్ అంటారే అది. కొన్న మొదటి వారం ఇంట్లో కనపడిన ప్రతిదాన్నీ తీశా. చెప్పులతో సహా. తర్వాత బోర్ కొట్టి బ్యాగులో పెట్టేసి, ఎక్కడికైనా వెళ్లినప్పుడు తీద్దాంలే అనుకున్నా. ఆ వెళ్లడం మొన్న కుదిరింది. ఆరు రోజులు. కొండలు, ఒక సరస్సు, ఒక పాత కోట. మెడలోంచి కెమెరా దించితే ఒట్టు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వేస్తే 1400 పైచిలుకు తేలాయి. రెండు రాత్రులు కూర్చుని చూశా. నచ్చినవి ఎన్ని అంటే చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

కళ్ల ముందు ఆకాశమంత ఉన్న కొండ ఫోటోలో అగ్గిపెట్టెంత వచ్చింది. దూరపు కొండలు నునుపు అంటారు గానీ నా ఫోటోల్లో ఆ నునుపు కూడా లేదు. పొద్దున్నే పొగమంచు తెల్లగా పాలనురుగులా ఉంటే, నాకు వచ్చింది మాత్రం మాసిన దుప్పటి రంగు. కోట లోపల, సాయంత్రం పూట తీసినవి సగానికి సగం షేక్. ఇదంతా ఒక ఎత్తు. మా ఆవిడ ఫోన్‌తో మహా అయితే ఓ నలభై తీసుంటుంది, బంధువులందరూ ఆ నలభై చూసి ఆహా ఓహో అంటున్నారు. నా వాటిని మొహమాటానికి ఓ పది తిప్పి చూసి ఫోన్ నా చేతికిచ్చేశారు. పైగా తను ఒక మాటంది: "నువ్వు అసలు ఆ సరస్సు చూశావా?" అని. ఆలోచిస్తే నిజంగానే నాకు సరస్సు గుర్తులేదు, కెమెరా వెనక స్క్రీనే గుర్తుంది.

స్నేహితుడొకడు లెన్స్ మార్చమంటున్నాడు. ఇంకొకడు ఫుల్ ఫ్రేమ్‌కి, అంటే ఇంకా పెద్ద సెన్సరున్న కెమెరాకి, వెళ్లకపోతే ఇంతే అంటున్నాడు. నాకైతే మొత్తం అమ్మేసి ఊరుకుందామా అని ఉంది. ఇంకో ప్రశ్న కూడా. మీలో కొందరు రోజూ తీస్తామని రాస్తుంటారు కదా, రోజూ ఏం తీస్తారండీ? ఆఫీసు, ఇల్లు, మళ్లీ ఆఫీసు. మా ఇంట్లో ఫోటో తీసేంత వస్తువు ఏదీ లేదు, నిజం చెప్తున్నా.

పాత_లెన్స్:

ముందు ఆ ఫుల్ ఫ్రేమ్ స్నేహితుణ్ణి కొన్నాళ్లు దూరం పెట్టండి.

మీరు చెప్పిన మూడు ఫిర్యాదులూ మూడు వేర్వేరు విషయాలు, ఒక్కటి కూడా కెమెరా తప్పు కాదు. పొగమంచుతో మొదలెడతా, ఎందుకంటే ఇది తెలిస్తే సగం కెమెరా అర్థమైనట్టే. కెమెరాకి తన ముందున్నది తెల్లనిదో నల్లనిదో తెలియదు. వచ్చిన వెలుతురు కొలిచి, దృశ్యం మొత్తం సగటున ఓ మధ్యరకం బూడిద రంగులో ఉండేలా ఎక్స్‌పోజర్ (ఫోటోకి ఎంత వెలుతురు పట్టాలో ఆ లెక్క) పెడుతుంది. ఇప్పటి కెమెరాల్లో మీటర్లు కొంచెం తెలివి మీరాయి గానీ అడుగున లెక్క ఇదే. మామూలు వీధికి, మామూలు మనిషికి ఇది సరిపోతుంది. కానీ ఫ్రేమంతా మంచో, తెల్లగోడో, ఇసుకో ఉంటే, అబ్బో వెలుతురు ఎక్కువైంది అనుకుని తగ్గించేస్తుంది. అందుకే మాసిన దుప్పటి. నల్ల కుక్కని దగ్గర్నుంచి తీస్తే ఇదే తిరగబడుతుంది, కుక్క బూడిద పూసుకున్నట్టు వస్తుంది. మీ కెమెరా మీద ప్లస్, మైనస్ గుర్తులున్న బటనో చక్రమో ఒకటి ఉంటుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. మంచుకి, తెల్లవాటికి ప్లస్ 1 పెట్టండి, చాలకపోతే ఇంకొంచెం. నల్లవాటికి మైనస్. అంతే. ఏడాదిగా మీ బొటనవేలి కింద ఉన్న చక్రం అది.

షేక్ సంగతి. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు పాతకాలం నుంచీ ఒక మోటు లెక్క ఉంది, ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీదుండే 18, 55 లాంటి అంకె) ఎంతో సెకనులో అన్నో వంతుకన్నా షట్టర్ (వెలుతుర్ని లోపలికి వదిలే తలుపు) నెమ్మదిగా ఉండకూడదని. మీది ఏపీఎస్-సీ కాబట్టి దాన్ని ఒకటిన్నరతో గుణించుకోండి, 55 దగ్గర జూమ్ చేస్తే సెకనులో 80వ వంతు అవుతుంది. కోట లోపల ఆటోలో పెట్టి తీసుంటారు, అది 15వ వంతుకో 20వ వంతుకో దిగిపోయి ఉంటుంది. ఫోటో మీద రైట్ క్లిక్ కొట్టి వివరాలు చూడండి, అక్కడే రాసి ఉంటుంది. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే మీ చేతి వణుకుని కాస్త కాస్తుంది గానీ ఎదురుగా నడుస్తున్న మనిషిని అది ఆపలేదు కదా. మనుషులున్నచోట సెకనులో 125వ వంతుకన్నా నెమ్మదిగా పోకండి. ఐఎస్ఓ (ఉన్న వెలుతుర్ని కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో ఆ అంకె) 3200 దాకా పోనివ్వండి, భయం వద్దు. నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) ఉన్న ఫోటోని చూడొచ్చు, షేక్ అయినదాన్ని ఏం చేసుకుంటాం.

కొండ చిన్నదవడం మాత్రం సరదా విషయం. మీరు 18 దగ్గర తీశారు. అంతా పట్టాలి అనుకుని వెనక్కి జూమ్ చేస్తాం, అందరం చేసే తప్పే. 18లో అన్నీ పడతాయి, అన్నీ చిన్నవవుతాయి. మన కన్ను అలా చూడదు, కొండ మీదే చూపు పెట్టి మిగతాది పట్టించుకోదు. 55కి తిప్పి కొండలో ఒక ముక్క, దాని ముందు ఒక చెట్టో ఇల్లో మనిషో ఉండేలా నిలబడండి. పక్కన కొలత ఉంటేనే పెద్దది పెద్దదిగా కనిపిస్తుంది.

24 మెగాపిక్సెళ్ల గురించి ఒక్క మాట చెప్పి ఆపుతా. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు మొదటి డిజిటల్ కెమెరా కట్టినప్పుడు దానిది 0.01 మెగాపిక్సెల్, ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఇవాళ మీ 4కే టీవీలో ఉండేది సుమారు 83 లక్షల పిక్సెళ్లు, అంటే ఎనిమిది మెగాపిక్సెళ్లు. మీ దగ్గర దానికి మూడింతలున్నాయి. ఇంకేం చేసుకుంటారు?

ఫోన్_చాలు:

మీ ఆవిడ గారిని అడగండి ఎలా తీసిందో. ఆన్సర్ ఇంట్లోనే పెట్టుకుని ఇక్కడ అడుగుతున్నారు 😀 అమ్మేయండి.

పాత_లెన్స్:

@ఫోన్_చాలు ప్రతి థ్రెడ్‌లో ఇదే మాట చెప్పి ఎన్నేళ్లు నెట్టుకొస్తావు బాబూ.

ఫోన్_చాలు:

అన్నా ఈసారి సీరియస్‌గానే అంటున్నా. ఫోన్ ఒక్క నొక్కుకి ఐదారు ఫ్రేములు తీసి, మెరిసిపోయిన ఆకాశాన్ని ఒకదాంట్లోంచి, నీడని ఇంకోదాంట్లోంచి లాగి కలిపేస్తుంది. ఈయన కెమెరా ఒక్కటే తీసి ఒక్కటే ఇస్తుంది. అందుకే పొగమంచు, కోట లోపలి చీకటి, ఇలాంటివి ఏ ఆలోచనా లేకుండా తీస్తే ఫోనే గెలుస్తుంది. కెమెరా గెలవాలంటే పట్టుకున్నవాడు ఆలోచించాలి. ఆలోచించే ఓపిక లేనివాడికి అది మెడనొప్పి. మీకుందా లేదా అన్నదే ప్రశ్న, లెన్స్ కాదు.

పాత_లెన్స్:

సరే, ఇది ఒప్పుకుంటా.

కిటికీ_పక్కన:

మీ రెండో ప్రశ్నకి జవాబు రాద్దామని వచ్చా, మొదటిది పెద్దలు చూసుకున్నారు.

ఫోటో తీసేంత వస్తువు ఇంట్లో లేదన్నారు. ఇప్పటికి మిగిలి ఉన్నవాటిలో కెమెరాతో తీసిన అతి పాత ఫోటో దేన్ని తీసిందో తెలుసా? ఫ్రాన్స్‌లో నీప్స్ అనే ఆయన 1826, 27 ప్రాంతాల్లో తన ఇంటి మేడమీద కిటికీలోంచి బయటికి పెట్టి తీసింది. పైకప్పులు, ఒక గోడ, కాస్త ఆకాశం. గంటల తరబడి వెలుతురు పడితే గానీ బొమ్మ ఎక్కలేదు, అందుకని పొద్దున ఎండ ఒక గోడమీదా, సాయంత్రం ఎండ ఎదురు గోడమీదా రెండూ అందులోనే ఉంటాయి. ఆయన కూడా ట్రిప్‌కి వెళ్లాక తీద్దాంలే అనుకుని ఉంటే ఏమయ్యేదో.

ప్రాగ్ నగరంలో జోసెఫ్ సుడెక్ అని ఒక ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోయింది. ఒంటిచేత్తోనే పెద్ద పెద్ద కెమెరాలు మోసుకు తిరిగేవాడు. రెండో యుద్ధం వచ్చి బయట తిరగడం కష్టమయ్యాక తన చిన్న స్టూడియో కిటికీనే తీయడం మొదలుపెట్టి ఏళ్ల తరబడి తీశాడు. అద్దం మీద ఆవిరి, జారిన చినుకులు, అవతల ఒక వంకర చెట్టు, గట్టు మీద గ్లాసు. అంతే. ఇంటర్నెట్‌లో పేరు కొట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

నేను పెద్ద ఫోటోగ్రాఫర్ని కాను. మా పాప పుట్టాక రెండేళ్లు ఎక్కడికీ కదలడం కుదర్లేదు, అప్పుడు చేతిలో ఉన్న కెమెరాకి దొరికింది ఇల్లే. మొదట్లో నాకూ ఏమీ కనపడేది కాదు. ఒకరోజు ఉతికిన బట్టలు మడతపెడుతుంటే కిటికీలోంచి ఎండ తెల్ల దుప్పటి మీద పడి, ఆ దుప్పటి మీంచి ఎగిరి పాప మొహం మీద కింది నుంచి పడింది. గడ్డం కింద నీడే లేదు. మొహం దీపం పెట్టినట్టుంది. ఇంతకుముందు కూడా రోజూ అలాగే పడుతుండాలి కదా, నేను చూడలేదంతే. అప్పట్నుంచి నాకు వస్తువు మీద ధ్యాస తగ్గిపోయింది, వెలుతురు ఎటునుంచి వస్తోందో అదే చూస్తా. కిటికీకి ఎదురుగా మనిషిని నిలబెడితే మొహం చదునుగా వస్తుంది. పక్కకి తిప్పితే ఒక చెంప వెలుగు, ఒక చెంప నీడ, ముక్కు ముక్కులా కనిపిస్తుంది. కిటికీ నుంచి రెండడుగులు లోపలికి జరిపితే చాలు వెలుతురు గబుక్కున పడిపోతుంది, మన కంటికి అంత తేడా తెలియదు, కెమెరాకి బాగా తెలుస్తుంది. వెనకాల గోడ చీకట్లోకి వెళ్లిపోయి, గోడకున్న వంద వస్తువులూ మాయమవుతాయి. ఇల్లు సర్దకుండా ఫోటో తీసే చిట్కా ఇదొక్కటే నాకు తెలిసింది. అన్నట్టు పైన ట్యూబ్‌లైట్ ఆపేయండి, కిటికీ వెలుతురు నీలం, లైటు ఇంకో రంగు, రెండూ కలిస్తే మొహం ఒకవైపు కామెర్లు వచ్చినట్టుంటుంది.

మీకో పని చెప్తా. ఇంట్లో ఒకే కిటికీ ఎంచుకోండి. ఇరవై రోజులు రోజుకి ఒక్కటంటే ఒక్క ఫోటో, దాని దగ్గరే. వస్తువు ఏదైనా పర్లేదు, ఖాళీ గట్టు అయినా సరే. వేళ మాత్రం మార్చండి.

సంచారి_1:

పై ఆవిడ చెప్పింది బాగుంది. నేను ట్రిప్ సంగతి చెప్తా, ఎందుకంటే 1400 అన్న అంకె చూసి నాకు నా మొదటి ప్రయాణం గుర్తొచ్చింది. నేను 3000 తీశా. ఇప్పటికీ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి, పూర్తిగా ఒక్కసారి కూడా చూడలేదు.

మీ ఆవిడ అన్న మాట నవ్వులాట కాదు, దానిమీద ప్రయోగమే జరిగింది. లిండా హెంకెల్ అనే సైకాలజిస్టు కొంతమందిని ఒక మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువుల్ని ఊరికే చూడమని, కొన్నింటిని ఫోటో తీయమని చెప్పింది. మర్నాడు అడిగితే ఫోటో తీసినవి తక్కువ గుర్తున్నాయి, చూసినవి ఎక్కువ గుర్తున్నాయి. 2014లో అచ్చయింది. అందరూ ఇంతవరకే చెప్పి కెమెరా పారేయమంటారు, కానీ అందులోనే రెండో సంగతి ఉంది. వస్తువులో ఏదో ఒక భాగం మీదకి జూమ్ చేసి తీయమన్నప్పుడు ఆ జ్ఞాపకం తగ్గలేదు, ఫ్రేములో పడని మిగతా భాగం కూడా బాగానే గుర్తుంది. నాకు దీన్నిబట్టి అర్థమైంది ఏంటంటే, తీయడం వల్ల పోదు, చూడకుండా తీయడం వల్ల పోతుంది. సరస్సు మొత్తాన్ని నలభైసార్లు నొక్కడం కన్నా, ఒడ్డున కట్టేసిన పడవ తాడు నీళ్లలో ఎక్కడ మునుగుతోందో అక్కడ కూర్చుని రెండు తీస్తే సరస్సు మీకు మిగిలేది.

ఇప్పుడు నేను చేసేది చెప్తా, మీకు నచ్చితే చేయండి. ఏ చోటికి వెళ్లినా మొదటి పదిహేను నిమిషాలు కెమెరా బ్యాగులోనే. ఊరికే తిరుగుతా. మళ్లీ మళ్లీ దేని దగ్గరికి కాళ్లు వెళ్తున్నాయో చూసుకుని దాన్నే తీస్తా. మధ్యాహ్నం పూట దాదాపు తీయను, ఎండ నెత్తిమీద ఉంటే కళ్ల కింద గుంటలు, ఆకాశం తెల్ల కాగితం. పొద్దు పొడిచాక గంట, కుంకేముందు గంట, ఆ పైన సూర్యుడు దిగిపోయాక ఓ ఇరవై ముప్పై నిమిషాలు. ఈ చివరిది చాలామంది వదిలేసి హోటల్‌కి వెళ్లిపోతారు. ఆకాశం ముదురు నీలం, దీపాలు వెలిగి ఉంటాయి, రెండిటి వెలుతురూ ఒక స్థాయికి వస్తుంది, అప్పుడు తీసిన కోట ఉందే, దాని ముందు మధ్యాహ్నం కోట వెలవెలపోతుంది.

చిల్లర విషయాలు రెండు. వేరే దేశం వెళ్తే కెమెరా గడియారం అక్కడి టైముకి మార్చండి, లేకపోతే మీ ఆవిడ ఫోన్ ఫోటోలూ మీవీ కలిపి వరసలో పెట్టినప్పుడు రాత్రీ పగలూ కలగాపులగం అవుతాయి (నాకైంది, వారం పట్టింది సర్దడానికి). ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి ఒక్కసారిగా తీస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. బ్యాగు జిప్ తీయకుండా ఓ అరగంట బయట ఉంచండి, దానంతటదే తగ్గుతుంది.

ఇక ఆ 1400. దయచేసి డిలీట్ చేయడం మొదలుపెట్టకండి, కోపంలో ఉన్నారు. ముందు రెండు చోట్ల కాపీ పెట్టండి. నెల ఆగండి. తర్వాత బాగున్నవి ఏరండి, బాగోలేనివి తీసేయడం కాదు, ఈ రెండూ వేరు. తీసేద్దాం అని కూర్చుంటే ప్రతిదానికీ "పోన్లే ఉండనీ" అనిపిస్తుంది. ఏరుదాం అని కూర్చుంటే చెయ్యి ఊరికే ముందుకు పోదు. మొదటి విడత వంద, వారం తర్వాత ముప్పై, ఇంకో వారానికి పన్నెండు. ఆ పన్నెండూ ప్రింట్ వేయించండి. ఆరు రోజులకి పన్నెండంటే ఎక్కువే అసలు.

@పాత_లెన్స్ ఒక్క విషయంలో మీతో పేచీ. రా ఫైల్ (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైల్) గురించి మీరు చెప్పనేలేదు. పొగమంచు ఫోటోలు రాలో తీసుంటే ఇప్పటికీ బాగుచేసుకోవచ్చు కదా.

పాత_లెన్స్:

కావాలనే చెప్పలేదు. జేపెగ్‌లో (కెమెరా మామూలుగా ఇచ్చే ఫైల్) ఒక్కో రంగుకి 256 మెట్లు, 14 బిట్ల రాలో 16,384. నిజమే, లాగడానికి చోటు చాలా ఉంటుంది. కానీ ఇప్పుడే రా అని చెప్తే ఆయన 1400 ఫైళ్లు ముందేసుకుని స్లైడర్లు జరుపుతూ కూర్చుంటాడు, బయటికి వచ్చి తీయడు. నేనూ రెండేళ్లు అదే చేశా. రెండూ కలిపి సేవ్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టుకుని రా సంగతి మర్చిపోతే చాలు ప్రస్తుతానికి.

కొత్త_బ్యాటరీ:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాదీ ఇదే సైజు సెన్సర్, ఇదే 18-55. చందమామని తీస్తే తెల్లటి ముద్దలా వస్తోంది, ఏ సెట్టింగ్ పెట్టాలి?

పాత_లెన్స్:

వేరే థ్రెడ్ పెట్టాల్సింది, సరే. రాత్రి కదా అని కెమెరా చీకటికి తగ్గట్టు కొలుస్తుంది, కానీ చంద్రుడి మీద పడుతున్నది పట్టపగటి ఎండ. మాన్యువల్‌లో పెట్టి ఐఎస్ఓ 100, ఎఫ్/8 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె, ఎఫ్ కింద అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ), సెకనులో 200వ వంతు దగ్గర మొదలెట్టు, నిండు చంద్రుడికి అటూ ఇటూగా సరిపోతుంది. అయితే 55 మిల్లీమీటర్లకి సెన్సర్ మీద చంద్రుడు అర మిల్లీమీటరే ఉంటాడు. 24 మెగాపిక్సెళ్లలో అది అడ్డంగా ఓ 130 పిక్సెళ్ల చుక్క. కాబట్టి మచ్చలు కనపడతాయి గానీ గోడకి తగిలించుకునేంత రాదు. చంద్రుణ్ణి చిన్నగానే ఉంచి కింద చెట్టునో మేడనో కలిపి తియ్యి.

మసక_చూపు:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ థాంక్స్, @ఫోన్_చాలు గారికి కూడా.

@పాత_లెన్స్ అన్నా, మీరన్నట్టు వివరాలు చూశా. కోట ఫోటోలు చాలావరకు సెకనులో 13వ వంతు! ఆ ప్లస్ మైనస్ చక్రం నిజంగానే నా బొటనవేలి కిందే ఉంది, ఇన్నాళ్లూ అది తిరగకుండా గట్టిగా పట్టుకునేవాణ్ణి, ఏదో పాడవుతుందేమోనని. లెన్స్ గురించి అడిగా కదా, ఇంట్లో వెలుతురు తక్కువచోట తీయడానికి జూమ్ లేని 35 ఎఫ్/1.8 లెన్స్ అవసరమా, లేక దీంతోనే అయిపోతుందా?

@కిటికీ_పక్కన అక్కా (అక్క అనొచ్చుగా?) కిటికీ పని మొదలుపెట్టా. ఇవాళ మొదటి రోజు. ఖాళీ గట్టే తీశా. దాని మీద దుమ్ము ఎంతుందో మాత్రం తెలిసింది.

పాత_లెన్స్:

మీ కిట్ లెన్స్ 35 దగ్గర ఎఫ్/4.5 ప్రాంతంలో తెరుచుకుంటుంది. 35 ఎఫ్/1.8 దానికన్నా ఆరు రెట్లు వెలుతురు లోపలికి పంపుతుంది. అంటే 3200 ఐఎస్ఓ కావలసినచోట 500తో పని జరుగుతుంది. తేడా పెద్దదే. కానీ అక్కయ్య గారు చెప్పిన ఇరవై రోజులూ అయ్యేదాకా కొనొద్దు. ఒకపని చేయండి, జూమ్ రింగ్‌ని 35 దగ్గర పెట్టి ఒక టేపు ముక్క అంటించేయండి. జూమ్ లేకుండా బతకగలరో లేదో ఖర్చు లేకుండా తెలుస్తుంది.

కిటికీ_పక్కన:

అక్క అనండి, పర్లేదు. దుమ్ము తుడవకండి! సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు మళ్లీ తీయండి.

ఇంకోటి చెప్పడం మర్చిపోయా. ఇంట్లో ఫోన్‌తో తీసినవి ఎక్కడైనా పెట్టేముందు లొకేషన్ తీసేయండి, ఫోటో ఫైల్లో ఇల్లు ఎక్కడుందో కూడా వెళ్లిపోతుంది ఒక్కోసారి. పిల్లల ఫోటోలైతే మరీ.

ఫోన్_చాలు:

ఎవరికీ చూపించకుండా దాచుకుంటే ఇంకా మంచిది. వివియన్ మేయర్ అనే ఫోటోగ్రాఫర్ అలానే చేసింది కదా, పిల్లల్ని చూసుకునే ఆయాగా బతుకుతూ లక్షకి పైగా నెగెటివ్‌లు, అందులో బోలెడు రీళ్లు కడగనే లేదు. 2007లో ఆమె సామాను వేలంలో కొన్నవాళ్లకి దొరికే దాకా బయటి ప్రపంచానికి తెలియదు. నాకు మాత్రం ఆవిడ గుర్తొచ్చినప్పుడల్లా ఒకటే డౌటు. రీలు కడిగి చూడాలని కూడా అనిపించలేదా అని. తీయడమే సరదా అయి ఉంటుందా?

సంచారి_1:

డబ్బుల్లేక కూడా కావచ్చు. అన్నిటికీ వేదాంతం అక్కర్లేదు.

మసక_చూపు:

మూడు వారాలైంది, చెప్పి వెళ్దామని వచ్చా.

ఇరవై రోజులు కాలేదు, పదిహేడు అయ్యాయి. మధ్యలో రెండ్రోజులు మర్చిపోయా, ఒకరోజు కోపంలో మానేశా. మొదటి వారం చెత్త. గట్టు, గ్లాసు, గట్టు, ఇంకో గ్లాసు. ఐదో రోజు దుమ్ము ఫోటో ఒకటి పర్లేదు, అక్క చెప్పినట్టు సాయంత్రం తీశా, ఒక్కో రేణువుకీ చిన్న తోక లాంటి నీడ ఉంది. టేపు అంటించి తీస్తున్నా, జూమ్ లేకపోవడం మొదటి రెండ్రోజులే కష్టమైంది, తర్వాత కాళ్లే ముందుకీ వెనక్కీ వెళ్తున్నాయి.

పన్నెండో రోజు ఏం జరిగిందంటే, అమ్మ అదే కిటికీ దగ్గరికి వచ్చి కూర్చుంది. నా కోసం కాదు, సూదిలో దారం ఎక్కించడానికి, ఇంట్లో వెలుతురు ఉన్న చోటు అదొక్కటే అని ఆమెకి నాకన్నా ముందే తెలుసు. నాకు తెలిసి ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటోంది. సూదిని కళ్లజోడుకి దగ్గరగా పెట్టి, దారం కొసని పెదాలతో తడిపి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టా. వెనక గోడ చీకటిగా ఉంది, అక్కడుండే క్యాలెండర్, కరెంటు మీటరు ఏవీ లేవు, వేళ్లూ దారమూ మాత్రమే ఉన్నాయి. చీకటి గోడ చూసి కెమెరా మళ్లీ ఎక్కువ వెలుతురు లాగబోతుంటే చక్రం మైనస్ వైపు తిప్పా, అంతసేపూ ఆలోచించకుండానే వేలు దానంతట అది తిప్పేసింది. మూడు నొక్కా. అమ్మ "ఆ టకటక ఆపు, దారం పోతోంది" అని తిట్టింది.

మా ఆవిడకి చూపించా. ఏమీ అనలేదు. కాసేపు చూసి, రెండు వేళ్లతో పెద్దది చేసి, దారం కొస దగ్గర ఆగి చూసింది. ఇప్పటిదాకా నా ఫోటో దేన్నీ తను జూమ్ చేసి చూడలేదు.

ట్రిప్ ఫోటోలు నెల ఆగమన్నారు కాబట్టి తెరవలేదు. లెన్స్ కొనలేదు, కెమెరా అమ్మలేదు.

పాత_లెన్స్:

ఆ మూడింటిలో ఏది పెట్టుకున్నారు? ఫోకస్ ఎక్కడుంది?

మసక_చూపు:

అన్నా, అది అడగరనుకున్నా. రెండోది పెట్టుకున్నా. ఫోకస్ బొటనవేలి గోరు మీద పడింది, సూది బెజ్జం కొంచెం మసక. చిన్న స్క్రీన్‌లో తెలియదు గానీ పెద్దది చేస్తే తెలుస్తుంది. మళ్లీ తీద్దామంటే అమ్మ చొక్కాలన్నిటికీ గుండీలు కుట్టేసి కూర్చుంది.

కిటికీ_పక్కన:

ఒక గుండీ తెంపండి 🙂

మసక_చూపు:

తెంపా. రేపు పొద్దున్న ఇస్తా.